పైడమ్మ చూసిన పొడుగాయన

భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, పైడమ్మ ఒక మాట అనేసింది.

"ఆ మనిషి భుజాలు చూసేరా, ఎంత బాగున్నాయో."

రాజేశ్వరరావు కంచంలోంచి తలెత్తి టీవీ వైపు చూశాడు. ఎప్పటిదో నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా. పొడుగ్గా ఉన్న తెల్లవాడొకడు కోటు విప్పి కుర్చీ మీద పడేసి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటున్నాడు. రాజేశ్వరరావు వాణ్ణి చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. నోట్లో ముద్ద నమిలి మింగాక అడిగాడు.

"ఎవరి భుజాలు?"

"ఆయనవే."

"నీ వయసెంతే?"

ఆమె వయసెంతో ఇద్దరికీ తెలుసు. వచ్చే మాఘానికి యాభై ఆరు నిండుతాయి. ఆ ప్రశ్న వయసు తెలుసుకోడానికి వేసింది కాదని కూడా ఇద్దరికీ తెలుసు. మామూలుగా అయితే పైడమ్మ మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపి మాట మార్చేసేది. ఆ మధ్యాహ్నం మార్చలేదు.

"మీ వయసెంత? మొన్న ఆ పాటలో పిల్ల నడుం చూసి మీరేటన్నారు?"

"మగాణ్ణి. అంటాను."

రాజేశ్వరరావు ఎంగిలి చేత్తోనే రిమోటు తీసుకుని టీవీ కట్టేశాడు. రిమోటుకి పప్పు అంటుకుంది. ఇంకెవరింట్లోనైనా అది అంతటితో పోయేదేమో. ఆ ఇంట్లో పోలేదు.

పైడమ్మది టెక్కలి పక్క పల్లెటూరు. పెళ్ళయిన కొత్తలో కొత్తవలస దగ్గర రైలెక్కి, సొరంగాలూ వంతెనలూ దాటుకుంటూ బస్తరు కొండల్లోకి వచ్చింది. అప్పటికి రాజేశ్వరరావు బచేలి గనిలో లోడింగ్ ప్లాంటు ఫిట్టరు. ఇప్పుడు ఫోర్‌మేన్. అప్పుడూ ఇప్పుడూ ఆయన బనియన్లు ఉతికితే నీళ్ళు ఇటికరంగులో దిగుతాయి. ఇనుపరాయి దుమ్ము ఎంత పిండినా పోదు. తెల్ల బట్ట అనేది ఆ క్వార్టర్లలో మూడు ఉతుకులు కూడా తెల్లగా ఉండదు. పైడమ్మ దానికి అలవాటు పడింది. ఆయన నోటికి అలవాటు పడటానికి మాత్రం ఎక్కువ కాలం పట్టింది.

రాజేశ్వరరావుకి ఎదటి మనిషి ఒంటి గురించి వ్యాఖ్యానం చెయ్యకపోతే తోచదు. అందులోనూ ఆడమనిషయితే మరీను. టీవీలో హీరోయిన్ కనిపిస్తే "అదీ నడుమంటే" అంటాడు. వెంటనే వంటింటి వైపు తిరిగి "నువ్వూ ఉన్నావు, బియ్యం బస్తాకి చీర చుట్టినట్టు" అంటాడు. పక్క క్వార్టర్లోకి కొత్తవాళ్ళు దిగితే పెళ్ళాన్ని పరిచయం చేసే పద్ధతి కూడా ఒకటే. "మా ఆవిడ రంగు చూసి దడుచుకోకండి. గనిలోంచి తవ్వి తెచ్చుకున్నాను." వాళ్ళు నవ్వుతారు. టీలు అందిస్తూ పైడమ్మా నవ్వేది. రాజేశ్వరరావు సరదా మనిషని కాలనీలో పేరు. సరదా మనిషి పెళ్ళానికి కోపమొస్తే తప్పు ఆవిడదే అవుతుంది.

ఇక ఆమె మగవాళ్ళని చూడటమంటారా, అది ఆమెకి ఎవరూ నేర్పలేదు. పుట్టింట్లో ఆడపిల్ల మగవాడి మొహంలోకి చూస్తే కళ్ళు నెత్తికెక్కాయనేవారు. పెళ్ళిచూపుల్లో రాజేశ్వరరావు ఆమెని నిలబెట్టి, నడిపించి, జడ విప్పించి చూశాడు. ఆమె ఆయన కాలి బొటనవేలు చూసింది. ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగల్లేదు. తెలుగు సినిమాల్లో హీరోలని చూసింది గాని, వాళ్ళు కొట్టుకుంటారు, ఎగురుతారు, పండగ ఊరేగింపులో వేషాల్లా వచ్చి పోతారు. ఒక్కడి మీదా ఆమె కన్ను నిలవలేదు.

నిలిచింది మొన్న ఆషాఢం వానల్లో. కొండ చరియ విరిగి రైళ్ళు ఆగిపోయాయి, కేబుల్ పోయింది. జగదల్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు అమ్ము, నెట్‌తో నడిచే టీవీ ఒకటి అంతకుముందే కొనిపెట్టింది. రిమోటు దగ్గర పెట్టుకుని ఏది కావాలో నోటితో చెబితే చాలు, అదే వెతికి ఇస్తుందని నేర్పి వెళ్ళింది. పైడమ్మ పాత భజనలు కావాలని హిందీలో చెప్పింది. ఏం వినబడిందో ఏమో, అది పాత ఇంగ్లీషు సినిమా ఒకటి తెచ్చి పెట్టింది. కట్టేద్దామనుకుంది గాని చేతులకి శనగపిండి ఉంది. పిండి కలిపే లోపల తెరమీద ఎవరిదో కుక్కపిల్ల చెరువులో పడింది. ఒకతను చొక్కా కూడా విప్పకుండా దూకాడు. కుక్కపిల్లని చంకలో పెట్టుకుని గట్టుకొచ్చాడు.

పైడమ్మ పిండి కలపడం ఆపేసింది.

తడిసిన చొక్కా అతని ఒంటికి అతుక్కుంది. మెడ దగ్గర మొదలై భుజం చివరిదాకా ఒకే ఒక గీత, చెయ్యి తడబడని వాడెవడో గీసినట్టు. జుట్టు నుదుటి మీద పడింది. అతనికి సిగ్గూ లేదు, గొప్పా లేదు. నిలబడి చొక్కా చెయ్యి పిండుకుంటూ, పెదవికి ఒక పక్క నుంచి నవ్వాడు. మణికట్టు మీద నరం పైకి తేలింది. ఏదో అన్నాడు, గొంతు అడుగునుంచి వచ్చింది. పైడమ్మకి ఇంగ్లీషు రాదు. ఏమన్నాడో తెలియదు కాబట్టి ఆమెకి చూడటమే మిగిలింది. చూసింది. స్టవ్ మీద పప్పు మాడి ఇల్లంతా కమురు కొట్టేదాకా ఆమెకి తెలియలేదు.

గిన్నె తోముతుంటే కోపమొచ్చింది. ఎవరి మీదో మొదట తెలియలేదు. లోకంలో ఇలాంటిది ఒకటుంది, ఆడది కూడా మగవాణ్ణి ఇలా కళ్ళారా చూడొచ్చు, చూస్తే ఒళ్ళు ఇలా ఝల్లుమంటుంది అని ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. తల్లి చెప్పలేదు, పిన్ని చెప్పలేదు. మొగుడు చెప్పే అవకాశం అసలే లేదు. పేరంటాల్లో అంతమంది ఆడవాళ్ళు ఇన్ని కబుర్లు చెప్పుకుంటారు గదా, ఈ సంగతి ఎందుకు దాచారో. మాడిన గిన్నెని ఆమె ఎంత గట్టిగా తోమిందంటే గిన్నెకి సొట్ట పడింది.

మర్నాడు టీవీ తెరవగానే అతని మొహాలే వరసగా వచ్చాయి, ఇది చూస్తావా, అది చూస్తావా అన్నట్టు. పేరు ఇంగ్లీషులో బారుగా ఉంది. ఆమె చదవలేక "పొడుగాయన" అని పెట్టుకుంది. ఒక దాంట్లో సిపాయి, ఒక దాంట్లో గుర్రాల మేస్త్రీ, ఒక దాంట్లో వకీలు. కథ ఆమెకి అక్కర్లేదు. కథానాయిక వస్తే ఈ పిల్ల అడ్డు తప్పుకుంటే బాగుండునని విసుక్కునేది. ఒక సినిమాలో అతనికి వయసు మళ్ళింది, చెంపల మీద తెల్లదనం వచ్చింది, కళ్ళ కింద ముడతలు. ఆ సినిమాలో ఇంకా బాగున్నాడనిపించింది. అద్దం ముందు నిలబడి గెడ్డం గీసుకునే దృశ్యం ఒకటుంది అందులో. మెడ పైకెత్తి, కత్తి నెమ్మదిగా పైకి లాగుతాడు. దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూసింది. రాజేశ్వరరావు స్కూటరు చప్పుడు వినబడితే కట్టేసేది.

ఇంట్లో అంట్లు తోమి ఇల్లు తుడిచే పనిమనిషి ఇది కనిపెట్టింది. పేరు నందే. నందేది ఆవపల్లి అవతల చిన్న ఊరు. దోర్లా తెగ మనిషి. నక్సలైట్ల గొడవల్లో ఊరొదిలి వచ్చి, బచేలిలో రైలు కట్ట అవతల బస్తీలో ఉంటోంది. హిందీ, గోండీ, తెలుగు, ఏది అవసరమైతే అది మాట్లాడుతుంది.

"ఏందక్కా, రోజూ గీ తెల్లోణ్ణే చూస్తున్నవ్?" అంది ఒకరోజు, చీపురు గోడకి ఆనించి.

"ఊరికే. తోచక."

"తోచక చూస్తే నోరు గట్ల తెరుచుకోదు."

పైడమ్మకి చిర్రెత్తింది. కాని నందే మొహంలో వెక్కిరింత లేదు. ఆమె కూడా తెరకేసే చూస్తోంది. పైడమ్మ కుర్చీ ఒకటి ఇవతలికి లాగింది. నందే కూర్చుంది.

"చేతులు చూడు," అంది నందే కాసేపయ్యాక. "గొడ్డలి పట్టిన చేతులు గావు."

"అయితే బాగోలేవంటావా?"

"బాగలేవని ఎవరన్నరు? పనిజేయని చేతులు బాగనే ఉంటయ్."

పైడమ్మకి నవ్వొచ్చింది. అప్పట్నుంచి పని ముగించాక నందే కాసేపు కూర్చునేది. ఇద్దరూ టీ తాగుతూ పొడుగాయన్ని చూసేవారు. నందే అతని ముక్కు నచ్చదనేది, వీపు నచ్చుతుందనేది, సంతలో ఎద్దుని బేరమాడినంత తేలిగ్గా. పైడమ్మకి ఆ తేలికదనం మీద అసూయ కలిగేది. ఒకరోజు వీధిలో స్కూటరు చప్పుడయ్యి పైడమ్మ గభాలున రిమోటు అందుకుంటే నందే అడిగింది.

"మొగుడొస్తే ఆర్పేస్తవెందుకు? దొంగతనం జేస్తున్నవా?"

స్కూటరు ఎదురింటాయనది. అయినా ఆ మాట పైడమ్మని రెండు రోజులు గుచ్చింది. గుచ్చి గుచ్చి, ఆ భోజనాల వేళ అలా బయటపడింది. టీవీ కట్టెయ్యకుండా మొగుడికి అన్నం వడ్డించింది, భుజాల మాట అంది.

ఆ తర్వాత రాజేశ్వరరావు మాటు వేశాడు. ఒక మధ్యాహ్నం షిఫ్టు పూర్తికాక ముందే, స్కూటరు చౌరస్తాలో వదిలేసి నడిచి వచ్చాడు. హాల్లో పైడమ్మ ఒక కుర్చీలో, నందే ఒక కుర్చీలో. నందే చేతిలో ఇంటి స్టీలు గ్లాసు. తెరమీద పొడుగాయన గుర్రాన్ని మాలీసు చేస్తున్నాడు.

ఆయన పెళ్ళాన్ని ఏమీ అనలేదు. నందే ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లే. కుర్చీలోంచి లే."

నందే లేచింది.

"మా కుర్చీలు, మా గ్లాసులు. బాగుంది దర్జా. ఇంటావిడికి ఈ చెత్త నేర్పింది నువ్వేనా? రేపట్నించి రావద్దు."

నందే ఆయన వైపు చూడలేదు. పైడమ్మ వైపు చూసింది. ఆ ఇంట్లో నందేని పనికి పెట్టింది పైడమ్మ, కుర్చీ వేసింది పైడమ్మ, టీ పోసింది పైడమ్మ. పైడమ్మ నోరు తెరవలేదు. నేల మీద టైలు పగిలిన చోట చూస్తూ కూర్చుంది. నందే వంటింట్లోకి వెళ్ళి, తాగిన గ్లాసు తోమి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రాజేశ్వరరావు టీవీకి నంబరు తాళం పెట్టాడు. పైడమ్మ అమ్ముకి ఫోన్ చేసింది. అమ్ము మొదట నవ్వింది. "నాన్న నంబరంటే ఇంకేముంటుంది, డ్యూటీ టోకెన్ నంబరే అయ్యుంటుంది, కొట్టి చూడు," అంది. పైడమ్మ కొట్టింది. తెరుచుకుంది. కాని అమ్ము అంతటితో ఊరుకోలేదు.

"అయినా ఈ వయసులో నాన్నతో ఈ గొడవేంటమ్మా? మీ అల్లుడు వింటే నాకెంత చిన్నతనం."

"మీ నాన్న హీరోయిన్ల నడుములు కొలిచినప్పుడు అల్లుడు పక్కనే ఉన్నాడు. అప్పుడు చిన్నతనం వెయ్యలేదా నీకు?"

అవతల అమ్ము ఏదో మొదలుపెట్టింది. పైడమ్మ ఫోన్ పెట్టేసింది. కూతురి మాట మధ్యలో ఫోన్ పెట్టెయ్యడం అదే మొదలు.

శ్రావణంలో కిరండూల్లో రాజేశ్వరరావు అక్క బుల్లమ్మ మనవరాలికి బారసాల. బుల్లమ్మ మొగుడు బాబూరావు కూడా గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు. భోజనాలయ్యాక హాల్లో మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద చేరారు. పైడమ్మ తాంబూలాల పళ్ళెం తిప్పుతోంది. రాజేశ్వరరావు కాళ్ళు చాపుకుని, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆమెకి తెలుసు. సరదా మొదలవబోతోందన్నమాట.

"బావా, మా ఇంట్లో సంగతి మీకు తెలీదు. మా ఆవిడ ఇంకొకణ్ణి తగులుకుంది."

ఒక్క క్షణం అందరూ బిగుసుకున్నారు.

"కంగారు పడకండి. తెల్లోడు. వాడు చచ్చి ఎన్నేళ్ళయిందో వాడికే తెలీదు. ఈవిడ వాణ్ణి చూస్తూ పప్పులు మాడ్చేస్తోంది."

హాలు నవ్వుతో నిండిపోయింది. రాజేశ్వరరావు లేచి నిలబడి, లేని కోటు విప్పి పడేసినట్టూ, చొక్కా చేతులు మడిచినట్టూ, భుజాలు ఎగరేసినట్టూ అభినయం చేసి చూపించాడు. పొట్ట ఊగింది. పిల్లలు కూడా పడి పడి నవ్వారు. బుల్లమ్మ నవ్వు ఆపుకుని చెయ్యి తిప్పింది.

"ఏటే పైడమ్మా, చచ్చినోణ్ణి చూసి చొంగ కార్చుకోడమేటే? మీ యమ్మ ఇదేనా నేర్పింది?"

పైడమ్మ పళ్ళెం కింద పెట్టింది.

"అయిపోయిందా? కూర్చోండి. నేనూ చెప్తాను."

రాజేశ్వరరావు నవ్వుతూనే కూర్చున్నాడు.

"ఆయన చచ్చిపోయేరు, నిజమే. చచ్చిపోయినా చూడబుద్ధవుతారు. మీరు బతికే ఉన్నారు కదా, మీలో చూడ్డానికేటుందో చెప్పమంటారా? మీకంటే ముందు మీ పొట్ట గదిలోకొస్తుంది. చెవుల్లో వెంట్రుకలు కత్తిరించుకోమంటే వినరు. తిన్నాక పళ్ళల్లో పుల్ల పెట్టి, వచ్చిందేటో నాకు చూపిస్తారు. తడి ఒంటితో వచ్చి మంచం మీద కూర్చుంటే దుప్పటికి మీ అచ్చు పడుతుంది. పెళ్ళయిన కాడి నుంచి చూస్తన్నాను. ఎవరికైనా చెప్పేనా? మీరు మాత్రం నా రంగు, నా నడుం, నా పళ్ళు, ఈ రెండూళ్ళలో తెలీని ఇల్లు లేకుండా చేసేరు."

బాబూరావు దగ్గాడు.

"ఊరుకో చెల్లెమ్మా. వాడేదో సరదాకన్నాడు."

"నేనూ సరదాకే అన్నాను అన్నయ్యగారూ. ఎవరూ నవ్వరేం?"

బుల్లమ్మ లేచి నిలబడింది. "నా ఇంట్లో, నా ఎదురుగా నా తమ్ముణ్ణి ఇంత మాటంటావా? ఇంక నా గడప తొక్కకు."

"తొక్కను వదినా. నవ్విందీ మీ ఇంట్లోనే కదా."

రాజేశ్వరరావు లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా చెప్పుల కోసం గుమ్మం దగ్గర వెతుక్కున్నాడు. ఆయన చెప్పులు ఎదురుగానే ఉన్నాయి, కనబడలేదు. అది చూసి పైడమ్మకి తృప్తి కలగలేదంటే అబద్ధం. కలిగింది. బచేలి బస్సులో ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు. కిటికీ అద్దం మీద ఎర్రటి వాననీళ్ళు జారుతుంటే ఆ తృప్తిని ఆమె ఇంటిదాకా జాగ్రత్తగా తెచ్చుకుంది.

ఆ తర్వాత ఇల్లు రెండిళ్ళయింది. ఆమె అమ్ము గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఆయన క్యాంటీన్లో తిని వచ్చేవాడు. ఆయన కోసం వండినది ఆమె మర్నాడు చెత్తబండిలో వేసేది గాని వండటం మానలేదు. వండలేదన్న మాట ఆయన నోట రానివ్వకూడదని. కాలనీలో ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఆమె వస్తే మాట ఆపేసేవారు. ఒకావిడ మాత్రం చెవిలో మెల్లిగా, "వదినగారూ, ఆ సినిమా పేరేటండీ?" అని అడిగింది. ఆమె కూడా పైడమ్మని వెక్కిరించడానికే అడిగిందో, నిజంగానే అడిగిందో తెలియలేదు. పైడమ్మ చెప్పలేదు.

ఒకనాడు వాన తెరిపిచ్చాక రైలు కట్ట దాటి బస్తీకి వెళ్ళింది. నందే గుమ్మంలో కూర్చుని కూరకని లేత వెదురు కొమ్ములు సన్నగా తరుగుతోంది. కూర్చోమనలేదు.

"రేపట్నించి రా నందే. ఆయనేమీ అనరు. అన్నా నేనున్నాను."

"గప్పుడు లేవా?"

"అప్పుడు నోరు రాలేదు."

"నాకోసం రాలే." నందే కత్తి ఆపలేదు. "సుట్టాల ముందట మొగుణ్ణి కడిగినవంట. బస్తీల గూడ చెప్పుకుంటుండ్రు. నీ సంగతి వస్తే నీకు నోరు మస్తు లేస్తది అక్కా. నా సంగతి వస్తే టైలు దిక్కు చూసినవ్."

"ఇప్పుడొచ్చి పిలుస్తన్నాను కదా."

"పిలిస్తే రావాలె, పొమ్మంటే పోవాలె. నువ్వు పిలిచేటిదానివి, ఆయన పొమ్మనేటోడు. నాకు డాక్టరమ్మ ఇంట్ల పని దొరికింది. ఆమె నాకు కుర్చీ వెయ్యది, నేను కూసోను. మంచిగుంది."

"నేను కుర్చీ వెయ్యడం తప్పయిందా?"

"వేసినంక లేపితే ఎట్లుంటదో నీకు ఎరకలేదు."

పైడమ్మ కట్ట వైపు నడిచింది. తిరిగొస్తూ దారి పొడుగునా నందేని తిట్టుకుంది. పొగరనుకుంది, విశ్వాసం లేదనుకుంది. కట్ట ఎక్కేసరికి తిట్లు అయిపోయాయి. మిగిలిన దారి నడవడం కష్టమైంది. ఆ తర్వాత బజార్లో రెండు మూడుసార్లు ఎదురుపడ్డా నందే తల తిప్పుకుంది. పైడమ్మ అంట్లు తనే తోముకుంటోంది.

భాద్రపదంలో ఒక సాయంత్రం రాజేశ్వరరావు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. సరాసరి హాల్లోకొచ్చి, ఆమెకీ టీవీకీ మధ్య నిలబడ్డాడు. జుట్టుకి నల్లరంగు వేయించాడు. మీసం కత్తిరించాడు. కొత్త తెల్లచొక్కా ప్యాంటులోకి దోపి, చేతులు మోచేతుల దాకా మడిచాడు. చెవుల్లో వెంట్రుకలు లేవు.

"ఎలా ఉన్నాను?" అన్నాడు. తగాదాకి పిలిచినట్టుంది గొంతు.

ఆమె ఇంకో వేషం అనుకుంది. ఆయన నవ్వుతాడని, పొట్ట ఊపుతాడని చూసింది. ఆయన నవ్వలేదు. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. అలా ఎంతసేపు నిలబడగలడో తెలియనట్టు ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. పైడమ్మ మొట్టమొదటిసారి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ముంజేతులు ఇంత సన్నబడ్డాయని ఆమెకి తెలియదు. కుడి మణికట్టు మీద వెల్డింగు నిప్పురవ్వ కాల్చిన మచ్చ ఉంది, అది మిగతా ఒంటికంటే తెల్లగా ఉంది. జాలి లాంటిదేదో రాబోయింది. ఆమె రానివ్వలేదు.

"చొక్కా బిగుతు. రంగు చెవికంటింది."

"అంతేనా?"

"అంతే. అబద్ధం చెప్పమంటారా?"

"ఆ వెధవని చూసినట్టు నన్నెప్పుడైనా చూసేవే నువ్వు?"

"మీకు నన్ను చూసి నవ్వడంతోనే సరిపోయింది. నేను చూస్తన్నానో లేదో మీకెప్పుడు పట్టింది?"

ఆయన ఊపిరి వదిలేశాడు. పొట్ట యథాస్థానానికి వచ్చింది. చొక్కా బొత్తాం ఒకటి పట్టుకుని కాసేపు తిప్పుకుంటూ నిలబడి, పెరట్లోకి వెళ్ళి చెవి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఆ రాత్రి క్యాంటీనుకి వెళ్ళలేదు. వంటింట్లో తనే వడ్డించుకుని నిలబడి తిన్నాడు. ఆమె లేవలేదు.

మర్నాటి నుంచి ఆయనొక కొత్త పద్ధతి పెట్టాడు. డ్యూటీ దిగి రాగానే రెండో కుర్చీలో కూర్చుని పొడుగాయన సినిమా చూడటం. వంకలు పెట్టడానికే చూసేవాడు. వాడి బూట్లకి లోపల ఎత్తు పెట్టారంటాడు. పళ్ళు కట్టుడు పళ్ళంటాడు. ఆ జుట్టు తనది కాదు, దగ్గరగా చూడు తెలుస్తుందంటాడు. పరిగెత్తే చోట వేరే మనిషిని పెట్టారు, వీపు తేడాగా ఉందంటాడు.

"నోరు ముయ్యండి. ఆయన మాట వినబడనివ్వరు."

"నీకు ఇంగ్లీషొచ్చా?"

"గొంతు వినడానికి భాషెందుకు?"

ఆయన మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆమె సౌండు పెంచేది. ఆయన గొంతు పెంచేవాడు. పక్క క్వార్టరాయన గోడ మీద కొట్టేవాడు. ఇలా దసరా దాకా సాగింది. అమ్ము పండక్కి వచ్చి, ఇద్దర్నీ ఒకే గదిలో చూసి సర్దుకున్నారనుకుని సంతోషపడింది. వెళ్ళేటప్పుడు తల్లితో ఆ మాట అంది. పైడమ్మ ఆమెకి కారప్పొడి డబ్బా కట్టిస్తూ, "ఎవరు సర్దుకున్నారే?" అంది. అమ్ము గది ఖాళీ అవగానే తన దిండు మళ్ళీ అందులో వేసుకుంది.

దసరా వెళ్ళిన వారం, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆ వయసు మళ్ళిన సినిమా వస్తోంది. పొడుగాయన అద్దం ముందు నిలబడి మెడ పైకెత్తాడు. కత్తి నురగలోంచి నెమ్మదిగా పైకి జరిగింది. రాజేశ్వరరావు ఏదో అనబోయి ఆగాడు. ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. తెరమీద పొడుగాయన మొహం కడుక్కుని తుండుతో తుడుచుకునేదాకా ఏ వంకా రాలేదు.

"మనిషి బాగానే ఉన్నాడే," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

పైడమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ ఆయన తిట్టినప్పుడు కూడా ఇంత మండలేదు. ఈ ఒక్కణ్ణి తను వెతుక్కుంది. ఎవరూ ఇవ్వకుండా, ఎవర్నీ అడక్కుండా చూసుకుంది. దానికోసం నందే పోయింది, వదిన గడప పోయింది. ఇప్పుడీయన తీరిగ్గా కుర్చీలో కూర్చుని, సరే బాగున్నాడని ఒప్పుకుంటున్నాడు, తన ఒప్పుదల లేక అది ఇంతకాలం ఆగి ఉన్నట్టు.

"మిమ్మల్నెవరడిగేరు?" అంది.

ఆయన తెల్లబోయి ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. రిమోటు తీసుకుని సౌండు పెంచింది.